సెలెక్టర్లకు, షెడ్యూలు వేసే పెద్దలకు అనంతపురం నుంచి ఒక బహిరంగ లేఖ

భారత జట్టు సెలెక్టర్లకు, ఏ మ్యాచ్ ఎప్పుడు ఎక్కడ పెట్టాలో నిర్ణయించే పెద్దలకు,

నమస్కారం.

మేం అనంతపురంలో పదీ పదిహేను మంది క్రికెట్ అభిమానులం. ఒకాయన ఆర్టీసీ కండక్టరు, ఇద్దరు స్కూలు టీచర్లు, ఒకరిది మెడికల్ షాపు, నాది జిరాక్స్ షాపు. ఆదివారం పొద్దున కాలేజీ గ్రౌండ్‌లో మాలో మేమే ఆడుకుంటాం. మిగతా రోజుల్లో సాయంత్రం నా షాపు ముందర స్టూళ్లేసుకుని కూర్చుంటే మాట ఎక్కడ మొదలైనా క్రికెట్ దగ్గరికే వస్తుంది. ఇవే సంగతులు ఇంతకుముందు రెండుసార్లు రాసి, అందరం సంతకాలు పెట్టి, చేరాల్సిన చోటికి స్పీడ్ పోస్టులో పంపాం. అందినట్టు తెలిసింది గానీ జవాబు మాత్రం రాలేదు. అందుకే ఈసారి నలుగురూ చదివేలా రాస్తున్నాం.

మంచి జరగలేదని మేం అనడం లేదు. 2024 జూన్‌లో బార్బడోస్‌లో టీ20 ప్రపంచకప్ వచ్చింది, 2025 మార్చిలో దుబాయ్‌లో చాంపియన్స్ ట్రోఫీ వచ్చింది. 2025 నవంబర్ 2న అమ్మాయిలు ప్రపంచకప్ ఎత్తినప్పుడు మా పక్క జిల్లా కడప బిడ్డ శ్రీచరణి ఆ టోర్నీలో 14 వికెట్లు తీసిందని మా వీధిలో టపాసులు కాల్చాం. ఆ సంతోషం ఇంకా ఉంది. కానీ అదే నెలలో మగవాళ్ల టెస్టు జట్టు దక్షిణాఫ్రికా మీద కోల్‌కతాలో 124 పరుగులు కొట్టలేక 93కే ఆలౌటైంది, గువాహటిలో 408 పరుగుల తేడాతో ఓడింది. పరుగుల లెక్కలో మన టెస్టు చరిత్రలో ఇంత పెద్ద ఓటమి ఇంకోటి లేదు. అంతకు ఏడాది ముందే న్యూజిలాండ్ వచ్చి మన గడ్డ మీద 3-0తో గెలిచి పోయింది. అంటే ఇది ఒక్క మ్యాచ్‌లో జరిగిన పొరపాటు కాదు.

షెడ్యూలు వేరు, బ్యాటర్ల ఎంపిక వేరు అని చాలామంది విడివిడిగా మాట్లాడతారు. మాకు అవి రెండూ ఒకటే జబ్బుగా కనిపిస్తున్నాయి. ఎర్ర బంతితో, అంటే టెస్టులు, నాలుగు రోజుల మ్యాచ్‌లు ఆడడానికి రోజులు మిగల్చకపోతే, ఆ బంతి ఎవరు బాగా ఆడతారో మీకూ తెలిసే దారి ఉండదు. అప్పుడు వన్డేలు, టీ20ల్లో తెల్ల బంతితో ఆడినవాళ్లనే చూసి టెస్టుకు తీసుకుంటారు. ఆ భారం ఎవరి మీద పడుతోందో వరసగా చెప్తాం.

1. ముందు రోజుల లెక్క. 2023లో ఐపీఎల్ ఫైనల్ మే 30 తెల్లవారుజామున ముగిసింది. జూన్ 7న ఓవల్‌లో టెస్టు చాంపియన్‌షిప్ ఫైనల్, 209 పరుగుల తేడాతో ఓడాం. అదే ఏడాది నవంబర్ 19 రాత్రి అహ్మదాబాద్‌లో ప్రపంచకప్ ఫైనల్ పోయింది. మాలో కొందరు రెండు రోజులు సరిగా అన్నం తినలేదు. 23న వైజాగ్‌లో మళ్లీ ఆస్ట్రేలియాతోనే టీ20! జట్టులో చాలామంది వేరేవాళ్లే, గెలిచాం కూడా, కానీ అంత తొందర ఎవరికోసమో మాకు ఇప్పటికీ అర్థం కాలేదు. 2025లో ఆసియా కప్ ఫైనల్ సెప్టెంబర్ 28 రాత్రి దుబాయ్‌లో, వెస్టిండీస్‌తో టెస్టు అక్టోబర్ 2న అహ్మదాబాద్‌లో. నవంబర్ 8న బ్రిస్బేన్‌లో టీ20, 14న కోల్‌కతాలో టెస్టు.

ఈ చివరిది కొంచెం నిదానంగా చూడండి. బ్రిస్బేన్‌లో టీ20 ఆడిన గిల్, ఆరు రోజులకే ఇంకో దేశంలో, ఇంకో బంతితో, బంతి గిర్రున తిరిగే పిచ్ మీద టెస్టు కెప్టెన్. అదే టీ20 జట్టులోని వాషింగ్టన్ సుందర్ ఆ టెస్టులో వన్‌డౌన్, అంటే మొదటి వికెట్ పడగానే దిగే మూడో నంబర్ బ్యాటర్. ఆ 93లో ఆయన కొట్టిన 31 పరుగులే ఎక్కువ, కాబట్టి ఆయన్ను ఒక్క మాట అనడానికి మాకు నోరు రాదు. వాళ్ల దగ్గర ప్రాక్టీస్‌కు రోజులే లేవు, అదీ మేం అడిగేది. వాళ్ల స్పిన్నర్ సైమన్ హార్మర్ రెండు ఇన్నింగ్స్‌లోనూ నాలుగేసి వికెట్లు తీస్తుంటే మనవాళ్ల కాళ్లు క్రీజులోనే అతుక్కుపోయాయి. స్పిన్‌ను ఆడడం మన దేశంలో పుట్టిన విద్య, అది మనవాళ్లకే కొత్తగా కనిపించడం చూస్తే కడుపు తరుక్కుపోయింది.

2. ఇప్పుడు మా కళ్లతో చూసింది చెప్తాం. 2024 సెప్టెంబర్‌లో దేశవాళీ ఎర్ర బంతి టోర్నీ దులీప్ ట్రోఫీ ఆరు మ్యాచ్‌ల్లో ఐదు మా అనంతపురం ఆర్డీటీ మైదానంలో జరిగాయి. ఊరంతా పండగే. శ్రేయస్, రుతురాజ్, సంజు, ఇషాన్, అక్షర్ అందరినీ కళ్లెదుట చూశాం. మొదటి మ్యాచ్‌లో జట్టు మొత్తం 164కే ఆలౌటైతే అందులో 86 అక్షర్ ఒక్కడివే. ఆయన సిక్స్ కొడితే బంతి మా తలల మీదుగా పోయింది, నా పక్కనున్న ముసలాయన దాన్ని చూడ్డానికి మెడ తిప్పి తిప్పి చివరికి నవ్వేశాడు.

కానీ మాకు గుర్తుండిపోయింది సెప్టెంబర్ 15, ఆదివారం. దులీప్‌లోని నాలుగు జట్లలో ఒకటైన ఇండియా డి ముందున్న లక్ష్యం 488. గెలవరని అందరికీ తెలుసు. నాలుగో రోజు, ఎర్రటి ఎండ, పిచ్ పొడిబారిపోయింది, రెండు వైపుల నుంచీ ముంబై స్పిన్నర్లు కోటియన్, ములానీ బంతిని తిప్పుతున్నారు. అటువైపు వికెట్లు పడుతూ ఉంటే మన ఆంధ్రా బ్యాటర్ రికీ భుయ్ ముందు కాలు పూర్తిగా చాచి బంతిని బ్యాట్ కింద అణిచేస్తున్నాడు, కాస్త పొట్టిగా పడితే వెనక్కి జరిగి కట్ చేస్తున్నాడు. తొందర లేదు. 113 కొట్టాడు. మ్యాచ్ 186 పరుగులతో పోయింది, అయినా ఆయన ఔటై పెవిలియన్‌కు వస్తుంటే జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. తర్వాతి మ్యాచ్‌లో 119 నాటౌట్. ఆ టోర్నీలో అందరికన్నా ఎక్కువ పరుగులు ఆయనవే. దానికి ముందు రాష్ట్రాల జట్లు ఆడే రంజీ ట్రోఫీ 2023-24 సీజన్‌లో 902 పరుగులు, అక్కడా ఆయనే మొదటివాడు. భారత్ రెండో జట్టు లాంటి ఇండియా ఏతో ఒకసారి ఆస్ట్రేలియాకు తీసుకెళ్లారు. టెస్టు టోపీ మాత్రం ఇవ్వలేదు.

ఏడాది తిరిగాక కోల్‌కతాలో నాలుగో ఇన్నింగ్స్ చూస్తున్నప్పుడు మా అందరికీ ఆ ఆదివారమే గుర్తొచ్చింది.

మావాడని చెప్తున్నాం అనుకోకండి. సర్ఫరాజ్ ఖాన్‌ది ముంబై. ఫస్ట్‌క్లాస్‌లో, అంటే రంజీ లాంటి నాలుగైదు రోజుల మ్యాచ్‌ల్లో, సగటు 60కి పైనే. 2024 అక్టోబర్‌లో బెంగళూరులో న్యూజిలాండ్ మీద 150 కొట్టాడు, ఆ సిరీస్ దాటాక మళ్లీ టెస్టు లేదు. అభిమన్యు ఈశ్వరన్‌ది బెంగాల్. 2021లో ఇంగ్లాండ్‌కు స్టాండ్‌బైగా వెళ్లినప్పటి నుంచి జట్టుతో తిరుగుతూనే ఉన్నాడు, మైదానంలోకి మాత్రం దింపలేదు. కర్ణాటక కరుణ్ నాయర్ 2016లో చెన్నైలో 303 నాటౌట్ చేశాడు. కొద్ది నెలలకే జట్టులోంచి పోయి, 2024-25 రంజీలో 863 పరుగులు చేసి ఎనిమిదేళ్ల తర్వాత తిరిగొస్తే, ఇంగ్లాండ్‌లో నాలుగు టెస్టులు ఆడించి మళ్లీ పక్కన పెట్టారు. నాలుగు టెస్టుల్లో ఆయన పెద్దగా కొట్టలేదు, నిజమే. కానీ ఎనిమిదేళ్లు బయట నిలబెట్టినవాడిని ఎనిమిది ఇన్నింగ్స్‌తోనే తూకం వేయడం ఏం న్యాయం?

హనుమ విహారి సంగతి కూడా ఒక్క మాట. 2021 జనవరి 11న సిడ్నీలో తొడ కండరం పట్టేసి నడవలేని స్థితిలో 161 బంతులు ఆడి 23 పరుగులతో నిలబడ్డాడు, అశ్విన్‌తో కలిసి టెస్టు కాపాడాడు. 2022 జూలైలో ఎడ్జ్‌బాస్టన్ తర్వాత మళ్లీ పిలవలేదు. ఎందుకు పిలవలేదో ప్రజలకు ఎవరూ చెప్పలేదు.

3. మూడో నంబర్. పుజారా 103 టెస్టులు ఆడి 7195 పరుగులు చేశాడు, అందులో ఎక్కువ ఆ ఒక్క చోట నుంచే. 2023 జూన్‌లో ఆయన చివరి టెస్టు అయ్యాక రెండున్నరేళ్లలో ఆ చోటికి గిల్, కోహ్లీ, పడిక్కల్, రాహుల్, సుదర్శన్, కరుణ్, సుందర్ ఇంతమంది వచ్చారు. కోల్‌కతాలో వన్‌డౌన్ వచ్చిన సుందర్ వారం తర్వాత గువాహటిలో ఎనిమిదో నంబర్. అది ఇల్లు కట్టేటప్పుడు రోజుకో మేస్త్రీని మార్చినట్టుంది, ఏ మేస్త్రీ అయినా ముందు పునాది కొలతలు తీసుకోవాలి కదా.

4. ఇది మా ఇంటి సంగతి. నా మేనల్లుడికి పదిహేనేళ్లు, ఓపెనర్. వాళ్లది కళ్యాణదుర్గం దగ్గర పల్లె, మా బావకు నాలుగెకరాల్లో శనక్కాయ. పంట కాస్త బాగా వచ్చిన ఏడాది పద్నాలుగు వేలు పెట్టి ఇంగ్లీష్ విల్లో బ్యాట్ కొనిచ్చాడు. వాడు మూడేళ్లు వేపచెట్టు కొమ్మకు సాక్సులో బంతి కట్టి వేలాడదీసి పొద్దున్నే రెండొందల సార్లు డిఫెన్స్ ఆడేవాడు, నేను పండక్కి పోతే నన్ను లెక్కపెట్టమనేవాడు. ఆ బ్యాట్ మీద ఎర్ర మచ్చలన్నీ మధ్యలో అరచేయంత జాగాలో ఉండేవి. ఈమధ్య పోయినప్పుడు తీసి చూశాను. మచ్చలు కింద అంచు దగ్గర, పైన భుజాల దగ్గర, అడ్డదిడ్డంగా ఉన్నాయి. ఏంరా ఇదని అడిగితే, "మామా, రంజీలో తొమ్మిదొందలు కొట్టినా తీసుకోరంట కదా, నేను డిఫెన్స్ నేర్చుకుని ఏం చేయాల?" అన్నాడు. ఇప్పుడు వాడు రోజూ బంతిని కీపర్ తల మీదుగా లేపే ర్యాంప్ షాట్, స్కూప్ ఆడుతున్నాడు. తప్పని చెప్పడానికి నా దగ్గర ఒక్క ఉదాహరణ లేదు.

మా బావ అయితే ఇంకో మాట అడిగాడు: ఐపీఎల్‌కు తీసుకునేది ఎంతమందిని బామ్మర్దీ, మిగతావాళ్ల గతేంది అని. రంజీ ఆడి, జిల్లా జట్టుకో జోనల్ జట్టుకో ఆడి, ఆ ఆటతోనే రైల్వేలోనో బ్యాంకులోనో ఉద్యోగం తెచ్చుకుని బతికినవాళ్లు పాత తరంలో ఉన్నారు. నాలుగు రోజుల ఆటకు విలువ పోతే ఆ దారీ మూసుకుపోతుంది. మీరు ఒక జట్టు ప్రకటిస్తే అది పదిహేను పేర్లు కావచ్చు, ఇక్కడ మాత్రం ప్రతి పల్లెలో ఒక తండ్రి దాన్ని చూసి కొడుకు విషయంలో ఒక నిర్ణయం తీసుకుంటాడు.

5. వాన, మంచు, ప్రయాణాలు. 2024 అక్టోబర్ 16న బెంగళూరులో న్యూజిలాండ్‌తో టెస్టు మొదటి రోజుకు నేనూ మా కండక్టరు మిత్రుడూ పోయాం. అనంతపురానికి దగ్గరగా అంతర్జాతీయ మ్యాచ్ జరిగే ఊరంటే మాకు బెంగళూరే, రెండొందల కిలోమీటర్లు దాటి ఉంటుంది. ఆయన సెలవు పెట్టాడు, నేను షాపు మూశాను, తెల్లారకముందే బస్సెక్కాం. ఒక్క బంతి పడలేదు. గొడుగు కింద నిలబడి నిలబడి బూట్లలోకి నీళ్లు పోయి, రాత్రి బస్సుకే తిరిగొచ్చాం. మర్నాడు షాపు తెరిచి టీవీ పెట్టేసరికి మనవాళ్లు 46కి ఆలౌట్, ఐదుగురు డకౌట్. అక్టోబర్ నడుమ అక్కడ ఈశాన్య రుతుపవనాల వాన ఉంటుందని రైతునడిగినా చెప్తాడు.

ఇంకోవైపు ఉత్తరాదిన చలికాలం పొగమంచుతో ఆట పోతుందనే కదా రంజీని రెండు ముక్కలు చేసి, మధ్యలో రెండు నెలలు తెల్ల బంతి టోర్నీలు పెట్టారు? ఆ కారణం మేం కాదనం. మరి అంత తెలిసినవాళ్లు 2025 డిసెంబర్ 17 రాత్రి దక్షిణాఫ్రికాతో టీ20ని లక్నోలో ఎలా పెట్టారు? మంచులో బంతి కనపడక టాస్ కూడా వేయకుండానే రద్దు చేశారు. చలిలో పిల్లలను పక్కన పెట్టుకుని గంటల తరబడి కూర్చున్న జనం ఉత్త చేతులతో ఇళ్లకు పోయారు. దేశంలో వాన అతి తక్కువ పడే జిల్లాల్లో మాది ఒకటి. డిసెంబర్‌లో ఇక్కడ ఆకాశం అద్దంలా ఉంటుంది.

ఇక టికెట్లు. 2023 ప్రపంచకప్ షెడ్యూలు టోర్నీకి వంద రోజుల ముందు గానీ బయటికి రాలేదు, వచ్చాక ఆగస్టులో తొమ్మిది మ్యాచ్‌ల తేదీలో వేళలో మార్చారు, ఇండియా-పాకిస్తాన్ మ్యాచ్‌తో సహా. డబ్బున్నవాళ్లు విమానం మార్చుకుంటారు. మాబోటివాళ్లం రైలు నమ్ముకుంటాం, రిజర్వేషన్ 60 రోజుల ముందే తెరుస్తారు, తెరిచిన రోజే అయిపోతుంది. మ్యాచ్ టికెట్ చేతికి వచ్చేసరికి రైల్లో వెయిటింగ్ లిస్టే. అనంతపురం నుంచి వైజాగ్ పోవాలంటే రైల్లో దగ్గర దగ్గర ఒక రోజు పడుతుంది, అంటే ఒక వన్డే చూడాలంటే మూడు రోజుల కూలి పోతుంది. మా కండక్టరు మిత్రుడు ఇప్పటికి ఒక్కసారి కూడా వైజాగ్‌లో మ్యాచ్ చూడలేదు. ఒకే రాష్ట్రంలో ఉన్నాం మరి.

6. 2025 జూన్‌లో దక్షిణాఫ్రికా లార్డ్స్‌లో ఆస్ట్రేలియాను ఓడించి టెస్టు చాంపియన్ అయింది. ఆ చాంపియన్ నవంబర్‌లో మన దేశానికి వస్తే రెండే టెస్టులు, టీ20లు మాత్రం ఐదు. మొదటిది ఓడాక సిరీస్ గెలిచే దారి కూడా లేకుండా పోయింది.

ఇక మేం అడిగేవి. అన్నీ ఒక్క రోజులో కావని తెలుసు, కానీ వీటిలో దేనికీ కోట్లు ఖర్చు కావు.

1. ఏ టెస్టు సిరీస్‌కైనా ముందు కనీసం పది రోజులు టెస్టు ఆటగాళ్లకు వేరే మ్యాచ్ పెట్టకండి. ఆ పది రోజుల్లో ఒక నాలుగు రోజుల మ్యాచ్ ఆడించండి. తెల్ల బంతి సిరీస్ అదే సమయంలో ఉంటే, టెస్టు కెప్టెన్‌ను, టాపార్డర్ బ్యాటర్లను దానికి పంపకండి.

2. టెస్టు జట్టు బ్యాటర్ల ఎంపికలో రంజీ, దులీప్, ఇండియా ఏ పరుగులకే మొదటి లెక్క. ఐపీఎల్ పరుగులు టీ20 జట్టుకు చూడండి, మాకు అభ్యంతరం లేదు.

3. జట్టు ప్రకటించిన రోజే తీసేసిన ప్రతి బ్యాటర్ గురించి ఎందుకు తీశారో రెండు వాక్యాలు చెప్పండి. ఫిట్‌నెస్ అయితే ఫిట్‌నెస్ అనండి, స్పిన్ ఆడలేదంటే అదే అనండి. ఆ మాట వింటే ఆటగాడికి ఏం దిద్దుకోవాలో తెలుస్తుంది, పల్లెలో వాణ్ని చూసి నేర్చుకునే పిల్లాడికీ తెలుస్తుంది.

4. మూడో నంబర్‌కు ఒక బ్యాటర్‌ను ఎంచుకుని, గాయమైతే తప్ప, కనీసం రెండు సిరీస్‌లు కదిలించకండి. ఎవరైనా సరే.

5. వేదిక, తేదీ, టికెట్ల అమ్మకం రోజు, ఈ మూడూ మ్యాచ్‌కు 75 రోజుల ముందే ప్రకటించి మార్చకండి. రైలు రిజర్వేషన్ తెరిచేలోపు మా చేతిలో మ్యాచ్ టికెట్ ఉండాలి. కొన్ని టికెట్లు కౌంటర్లోనూ అమ్మండి, ఆన్‌లైన్‌లో రెండు నిమిషాల్లో అయిపోయే టికెట్ మా వీధిలో ఎవరికీ దొరకడం లేదు.

6. డిసెంబర్, జనవరి రాత్రి మ్యాచ్‌లు దక్షిణాదికి, అక్టోబర్ నడుమ మ్యాచ్‌లు వాన వదిలిన చోట్లకు మార్చండి. 2025లో కోల్‌కతా, ఢిల్లీ టెస్టులను ఒకదాని చోట ఒకటి మార్చారు కదా, అంటే మార్చడం కుదురుతుందనే కదా.

7. టెస్టు సిరీస్ అంటే మూడు మ్యాచ్‌లకు తగ్గకూడదు.

8. దులీప్ ట్రోఫీ 2024లో మా ఊరికి వచ్చింది, 2025లో బెంగళూరుకు పోయింది. మైదానం ఇక్కడే ఉంది, గడ్డి పచ్చగానే ఉంది. ఏటా ఒక దులీప్ మ్యాచో, ఇండియా ఏ మ్యాచో అనంతపురంలోనో కడపలోనో పెట్టండి. విమానాశ్రయం దగ్గర లేదని ఆటగాళ్లకు ఇబ్బంది అంటారు. బెంగళూరులో దిగి బస్సులో నాలుగు గంటలు రావాలి, అంతే. మేం ఎన్నోసార్లు అదే దారిలో పోయివచ్చాం.

ఈ లేఖ ఇంగ్లీష్, హిందీల్లో కూడా రాయించి మళ్లీ స్పీడ్ పోస్టులో పంపుతున్నాం. ఒప్పుకున్నా, ఒప్పుకోకపోయినా ఒక పేజీ జవాబు రాయండి. వచ్చిన రోజే పెద్ద అక్షరాల్లో ప్రింట్ తీసి నా షాపు గోడకు అతికిస్తాను, మొదటి కాపీ నేనే కళ్యాణదుర్గం తీసుకెళ్లి మా మేనల్లుడికి ఇస్తాను.

ఇట్లు,
అనంతపురం నుంచి కొందరు క్రికెట్ అభిమానులు